వాయిదాల దారిలో... ఐదు కోర్టు ఊళ్లు

కోటలు చూడ్డానికి బండేసుకుని వెళ్లేవాళ్లున్నారు. గుళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లున్నారు. జలపాతాలకైతే లెక్కే లేదు. మరి కోర్టులు చూడ్డానికి?

'కోర్టు మెట్లెక్కకుండా ఉంటే చాలు దేవుడా' అని దండం పెట్టుకునే దేశం మనది. అలాంటిది, పనిగట్టుకుని కోర్టులున్న ఊళ్లన్నీ తిరిగి రావడమేంటి అనిపించొచ్చు. కానీ అమెరికాలో బైకర్లకు అదో సరదా. అక్కడ దాదాపు ప్రతి రాష్ట్రమూ కౌంటీలుగా విడిపోయి ఉంటుంది. కౌంటీ అంటే మన పాత తాలూకా లాంటిదనుకోండి. ప్రతి కౌంటీ కేంద్రంలోనూ ఊరి నడిబొడ్డున ఓ కోర్టు భవనం ఉంటుంది. ఒక్క టెక్సాస్‌లోనే 254 కౌంటీలు. వాటన్నిటికీ మోటారుసైకిలు మీద వెళ్లి, ప్రతి కోర్టు ముందూ బండి నిలబెట్టి ఫొటో తీసుకుంటే రాష్ట్రం మొత్తాన్నీ మూలమూలలా చూసినట్టే.

ఆ సరదాని మన దగ్గర తీర్చుకోవాలంటే శ్రీసత్యసాయి జిల్లాను మించింది లేదు. పుట్టపర్తిలో మొదలుపెట్టి కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మడకశిర చేరితే అయిదు కోర్టు ఊళ్లు చుట్టేసినట్టే. మధ్యలో తిమ్మమ్మ మర్రిమాను, లేపాక్షి కలుపుకొన్నా మూడొందల కిలోమీటర్లకు అటూ ఇటూ. రెండు రోజుల పని. దారి పొడవునా ఎర్రనేలలు, చెనిక్కాయ చేలు, బండరాళ్ల గుట్టలు, ఎండిన చెరువులు. వాటితోపాటే న్యాయం గురించిన కథలూ.

ఈ దారి చాలామందికి సరదా దారి కాదు. పొద్దున్నే సద్ది కట్టుకుని, కాగితాల సంచీ చంకన పెట్టుకుని, 'ఈ పొద్దు వాయిదా ఉంది' అని బయల్దేరేవాళ్ల దారి. వాళ్ల లెక్కలో ఊళ్ల మధ్య దూరం కిలోమీటర్లలో ఉండదు. బస్సు చార్జీలో, పోగొట్టుకున్న కూలిలో ఉంటుంది.

పుట్టపర్తి: కొత్త కేంద్రం

ప్రయాణం మొదలయ్యేది చిత్రావతి ఒడ్డున. 1926 నవంబరు 23న సత్యసాయిబాబా పుట్టేనాటికి ఇదో కుగ్రామం. 1950లో ప్రశాంతి నిలయం వచ్చింది. తర్వాత విద్యాసంస్థలు, విమానాశ్రయం, 1991లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, 2000లో రైల్వేస్టేషను. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చారు. రానిది ప్రభుత్వ కచేరీ ఒక్కటే. పాత కాలపు తాలూకా కేంద్రాల్లో పుట్టపర్తి పేరు లేదు.

అది కూడా 2022 ఏప్రిల్ 4న వచ్చేసింది. రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవయ్యారు అయిన రోజది. అనంతపురం జిల్లా దక్షిణ భాగం శ్రీసత్యసాయి జిల్లాగా విడిపోయింది. మొత్తం 32 మండలాలు. పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. కలెక్టరు వచ్చారు, ఎస్పీ వచ్చారు. భూమి పాసుపుస్తకం గొడవ ఉన్న రైతుకు అనంతపురం దాకా పోయే పని తప్పింది.

రెవెన్యూ జిల్లాలు మారిన ఆ రోజున న్యాయస్థానాల హద్దులు మాత్రం మారలేదు. జిల్లా జడ్జి కోర్టు అనంతపురంలోనే ఉండిపోయింది. కలెక్టరు కోసం ఒక ఊరికి, జిల్లా జడ్జి కోసం ఇంకో ఊరికి! కొత్త మ్యాపు ఒకటి, కోర్టు మ్యాపు ఒకటి. ఆ రెండో మ్యాపు కథ తెలియాలంటే బండి కదిరి వైపు తిప్పాలి.

కదిరి: మూడుసార్లు పిలుపు

నల్లమాడ మీదుగా కదిరి చేరేసరికి ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి గోపురం పలకరిస్తుంది. ఫాల్గుణంలో జరిగే రథోత్సవానికి జనం ఇసకేస్తే రాలరు. ఆ తేరును చూడ్డానికి ముస్లిములూ రావడం ఇక్కడ తరాలుగా ఉన్నదే. కదిరి అంటే మల్లెలు, కుంకుమ, చెనిక్కాయలు. ఇక్కడి పరిశోధన కేంద్రం తయారుచేసిన 'కదిరి' రకాల విత్తనం దేశంలో చాలా రాష్ట్రాల్లో మొలకెత్తింది.

ఈ ఊరు మొదట్నుంచీ అనంతపురానిది కాదు. 1882లో బళ్లారి నుంచి అనంతపురం జిల్లా విడిపోయినప్పుడు కదిరి కడప జిల్లాలో ఉండేది. 1910లో ఇటు వచ్చి చేరింది. అంటే పెద్ద కోర్టు కోసం కదిరివాళ్లు ఒకప్పుడు కడపకు, తర్వాత అనంతపురానికి వెళ్లాల్సి వచ్చిందన్నమాట. మనుషులు కదల్లేదు, గీతలు కదిలాయి.

ఏ తాలూకా ఊళ్లోనైనా కోర్టు వాతావరణం ఒక్కలాగే ఉంటుంది. గేటు పక్కన జిరాక్సు షాపు, దాన్ని ఆనుకుని టీ బంకు. ఆ పక్కన స్టాంపు వెండరు, డాక్యుమెంటు రైటరు. ఒకప్పుడు టకటకలాడిన టైపు మిషన్ల స్థానంలో ఇప్పుడు కంప్యూటర్లు. లోపల చెట్టు నీడన కూర్చున్న జనంలో వాది ఎవరో, ప్రతివాది ఎవరో పోల్చుకోలేం. ఇద్దరూ ఒకే ఊరు, తరచూ ఒకే కుటుంబం. ఒకే బస్సులో వచ్చి ఉంటారు, ఒకే బస్సులో వెళ్తారు. గట్టు తగాదా, బోరుబావి తగాదా, అన్నదమ్ముల భాగపరిష్కారం, ప్రోనోటు బాకీ, చెక్కు బౌన్సు, భార్యకు రావలసిన మనోవర్తి... పల్లె బతుకులోని ముళ్లన్నీ ఇక్కడ నంబర్లుగా మారతాయి. బంట్రోతు గుమ్మంలోకొచ్చి పేరు పెట్టి మూడుసార్లు పిలిచేదాకా చెవులన్నీ అటే. పిలిచాక ఎక్కువసార్లు వినిపించేది ఒకటే మాట... వాయిదా.

కాగితాల మీద ఇది జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. పాతవాళ్ల నోట ఇంకా 'మున్సిఫ్ కోర్టే'. 1873లో వచ్చిన మద్రాసు సివిల్ కోర్టుల చట్టం నాటి పేరది. చట్టం మారింది, హోదా పేరు మారింది, ఊరి నోట్లో మాట మారలేదు.

కోర్టులు రాకముందు చెట్ల కిందే తీర్పులు. ప్రతి ఊళ్లోనూ ఓ రచ్చకట్ట, దాని మీద పెద్దమనుషులు. ఆ చెట్లన్నిటికీ తల్లిలాంటిది కదిరి దగ్గరే ఉంది. అదే తిమ్మమ్మ మర్రిమాను. సుమారు అయిదెకరాల్లో వందలాది ఊడలతో విస్తరించి, 1989లో ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రిచెట్టుగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 1434లో భర్త చితినెక్కిన తిమ్మమ్మ అనే ఇల్లాలి పేరు మీద వెలసిందని జనం చెప్పుకుంటారు. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1830లో, మద్రాసు ప్రెసిడెన్సీలో సతీసహగమనాన్ని చట్టం నిషేధించింది. చెట్టు కింద పెద్దలు కాదనలేని ఆచారాన్ని కాగితం మీద చట్టం కాదంది. రచ్చకట్ట దగ్గరిది, ఖర్చు లేనిది... నిజమే. కానీ అక్కడ ఆడవాళ్ల మాట, పేదవాళ్ల మాట ఎంత చెల్లేదో అందరికీ తెలిసిందే. కోర్టు దూరమైనా జనం ఎందుకు వెళ్తారన్నదానికి జవాబు అక్కడుంది.

కులాన్నీ ఆడంబరాన్నీ కడిగేసిన వేమన సమాధి ఉన్న కటారుపల్లి కూడా కదిరి ప్రాంతంలోనే. మధ్యాహ్నం ఎండ దిగేలోపు అక్కడ ఓ పది నిమిషాలు ఆగడం మంచిదే.

ధర్మవరం: పట్టుచీరలో చట్టం

ముదిగుబ్బ మీదుగా ధర్మవరం. ఊరి చెరువును కట్టించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేరు పెట్టాడని స్థలకథ. అలా ఇది ధర్మం పేరున్న కోర్టు ఊరు!

ధర్మవరం అంటే పెళ్లిచీర. భౌగోళిక గుర్తింపు పొందిన పట్టుచీరలూ పావడాలూ ఇక్కడివి. వీధి వీధినా మగ్గాల చప్పుడు. ఆ చీరలోనూ ఓ చట్టం పోగు ఉంది. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషను చట్టం ప్రకారం కొన్ని రకాల వస్త్రాలు చేమగ్గం మీదే నేయాలి, మరమగ్గం మీద నేస్తే నేరం. అంచున్న పట్టుచీర అందులో ఒకటి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని రోజుల తరబడి నేసే చీరను యంత్రం గంటల్లో దించేస్తుంటే చేనేత కార్మికుడికి మిగిలిన అండ ఆ చట్టమే. ఉన్న చట్టం అమలు కావాలన్నది అతని పోరాటం. మరమగ్గం మీద బతికేవాడిదీ పొట్టకూటి గొడవే. ధర్మవరంలో ధర్మం ఎటువైపో చెప్పడం అంత తేలిక కాదు.

ఈ ఊరి పేరే ఇంటిపేరైన వకీలు ఒకాయన తెలుగు నాటకాన్ని మలుపు తిప్పాడు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). బళ్లారిలో ప్లీడరుగా పనిచేస్తూ అక్కడే సరసవినోదిని సభ పెట్టి నాటకాలు ఆడించాడు. ఆయన 'విషాద సారంగధర' తెలుగులో తొలి విషాదాంత నాటకమని పేరు. కథ అందరికీ తెలిసిందే. సవతి తల్లి చిత్రాంగి నిందవేస్తే రాజరాజనరేంద్రుడు విచారణన్నది లేకుండా కన్నకొడుకు కాళ్లూ చేతులూ నరికించమంటాడు. నిజం తెలిసేసరికి అంతా అయిపోయింది. పగలంతా కోర్టులో సాక్ష్యాలు నడిపే మనిషి, సాక్ష్యం వినని తీర్పు గురించి నాటకం రాశాడన్నమాట. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా వకీలే, మహానటుడే. బోను, రంగస్థలం ఒకే ఇంట్లో ఉన్నాయి.

పెనుకొండ: మంత్రి చూపు పోయిన కథ

ధర్మవరం నుంచి చెన్నేకొత్తపల్లి దగ్గర జాతీయ రహదారి 44 ఎక్కితే బండికి రెక్కలొచ్చినట్టే. లారీలు దాటుతుండగానే ఎడాపెడా పరిశ్రమలు. పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ వెనకే ఆకాశాన్ని అడ్డుకుంటూ పెనుకొండ కొండ.

తళ్లికోట యుద్ధం తర్వాత, 1565లో, హంపి పాడుబడితే విజయనగర రాజ్యం తలదాచుకున్నది ఇక్కడే. ఆరవీటి తిరుమల దేవరాయలు పెనుకొండనే రాజధాని చేసుకున్నాడు. ఆనాటి వైభవానికి గుర్తుగా గగన్ మహల్ ఇంకా నిలబడి ఉంది. బాబయ్య దర్గా, జైనుల పార్శ్వనాథాలయం, కోట బురుజులు... ఒక్క పూటలో చూసే ఊరు కాదిది. పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యంలోనే ఈ ఊరి మీద 'పెనుగొండ లక్ష్మి' అనే కావ్యం రాశారు. పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ పుస్తకమే ఆయనకు పాఠ్యగ్రంథమైందన్న ముచ్చట సాహిత్యాభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రాజులు పోయినా కచేరీ కళ పోలేదు. ఇంగ్లిషువాళ్ల హయాంలోనూ పెనుకొండ డివిజను కేంద్రమే. అంటే ఈ కొండ కింద తీర్పు కోసం జనం ఎదురుచూడ్డం నాలుగున్నర శతాబ్దాలుగా ఉన్నదే.

అన్నిటికన్నా గుండెను పట్టేసేది మహామంత్రి తిమ్మరుసు కథ. శ్రీకృష్ణదేవరాయలు 'అప్పాజీ' అని పిలిచిన మనిషి. 1524లో రాయలు తన చిన్నారి కొడుకు తిరుమలను సింహాసనమెక్కించాడు. కొద్దికాలానికే పిల్లవాడు జబ్బుచేసి చనిపోయాడు. విషప్రయోగమన్న అనుమానం తిమ్మరుసు కుటుంబం మీద పడింది. మంత్రిని చెరలో వేసి, కళ్లు తీయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. ఆ చెర పెనుకొండలోనే అని స్థానికుల నమ్మకం. తిమ్మరుసు బందీఖానా అంటూ ఓ కట్టడాన్ని ఇప్పటికీ చూపిస్తారు.

1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' సినిమా చూసినవాళ్లకు గుమ్మడి కళ్లు పోయిన సన్నివేశం మరపురాదు. అందులో రాయలుగా వేసింది ఎన్టీ రామారావు. నేరం చేశాడో లేదో తేలనేలేదు. విన్న చెవీ రాజుదే, తీర్పు చెప్పిన నోరూ రాజుదే. అప్పీలు చేసుకోవడానికి ఇంకో గడప లేదు. బందీఖానా ముందు నిలబడితే, వాయిదాల మీద వాయిదాలు పడే ఇవాళ్టి కోర్టు మీద కోపం కాస్త తగ్గుతుంది. ఆలస్యమైనా సరే, రెండో పక్షం మాట వింటారు కదా అనిపిస్తుంది.

లేపాక్షి: గోడ మీద మరకలు

పెనుకొండ నుంచి హిందూపురం వెళ్తూ కాస్త చుట్టు తిరిగితే లేపాక్షి. కోర్టు ఊరు కాకపోయినా ఈ ప్రయాణంలో వదిలిపెట్టకూడని మజిలీ. అచ్యుతరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం. నేలకు పూర్తిగా ఆనని స్తంభం, పైకప్పు చిత్రాలు, ఊరి మొదట్లో ఒకే రాతిలో మలచిన 27 అడుగుల నంది... వీటి గురించి చెప్పనక్కర్లేదు. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చోటు దక్కింది.

ఆలయం వెనక మొండి స్తంభాలతో నిలిచిపోయిన కల్యాణమండపం ఉంది. అదెందుకు ఆగిపోయిందన్నదానికి జనం చెప్పే కథ ఇది. విరూపణ్ణ పెనుకొండలో రాజుగారి కోశాధికారి. అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టాడని చాడీలు వెళ్లాయి. కళ్లు తీసేయమన్నాడు రాజు. భటులు వచ్చేదాకా ఆగకుండా విరూపణ్ణ తానే కళ్లు పీకి గోడకేసి కొట్టాడు. ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. లేప అక్షి, అంటే కళ్లు పోయిన చోటు అని ఊరి పేరుకు అర్థం చెబుతారు.

ఇది చరిత్ర కాదు, జనం దాచుకున్న కథ. కానీ ఒకే ప్రాంతంలో, ఒకే శతాబ్దానికి చెందిన ఇద్దరు పెద్ద ఉద్యోగులు, ఇద్దరికీ ఒకే శిక్ష! రాజు తొందరపడ్డాడన్న మాట పైకి అనలేని జనం ఇలా కథలు కథలుగా చెప్పుకుని గుర్తుపెట్టుకున్నారేమో. సినిమాల్లో మనకు అలవాటైన న్యాయదేవత కళ్లకు గంతలుంటాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల గ్రంథాలయంలో పెట్టిన కొత్త విగ్రహానికి గంతలు లేవు. చేతిలో కత్తి బదులు రాజ్యాంగం ఉంది. కళ్లు తెరిచే న్యాయం చెప్పాలన్న సంగతి లేపాక్షి గోడ ఎప్పుడో చెప్పింది.

హిందూపురం: పక్కనున్న హైకోర్టు మనది కాదు

హిందూపురం చేరేసరికి చింతపండు వాసన ముందుగా పలకరిస్తుంది. చింతపండు, బెల్లం, మిర్చి, పట్టుగూళ్ల మార్కెట్లతో ఎప్పుడూ సందడే. మరాఠా సేనాని మురారిరావు తన తండ్రి హిందోజీ పేరు మీద ఊరు కట్టించాడని చెబుతారు. 1920లోనే పురపాలక సంఘమైన పట్టణం. తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ ఒకే టీ బంకు దగ్గర కలిసి వినిపిస్తాయి. అదనపు జిల్లా కోర్టు ఉండటంతో చుట్టుపక్కల కోర్టు ఊళ్లలో ఇది కాస్త పెద్దన్న. అందుకే 2022లో జిల్లా కేంద్రం తమకే కావాలని ఊరు ఊరంతా రోడ్డెక్కింది. ఆ ఫిబ్రవరిలో ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ మౌనదీక్షకు కూర్చున్నారు. కేంద్రం మాత్రం పుట్టపర్తికే దక్కింది.

ఈ ఊరికీ తాలూకాల కథకూ దగ్గరి బంధం. 1984లో గ్రామ మునసబు, కరణాల వ్యవస్థను రద్దుచేసింది, 1985లో తాలూకాలు తీసేసి మండలాలు తెచ్చింది ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు. ఆయన 1985, 1989, 1994 ఎన్నికల్లో గెలిచింది ఈ హిందూపురం నుంచే. మండలం రావడంతో ఆదాయ ధ్రువపత్రం కోసం, పహాణీ నకలు కోసం రైతు నడిచే దూరం తగ్గింది. పాలన జనం గడప దగ్గరికొచ్చింది.

కోర్టులు మాత్రం ఆ వెంట రాలేదు. తాలూకా పోయింది, తాలూకా కోర్టు ఉండిపోయింది. కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మడకశిర... ఈ అయిదూ పాత తాలూకా కేంద్రాలే. అంటే కోర్టుకు పోయే మనిషి ఇప్పటికీ 1985కు ముందు నాటి మ్యాపు మీదే తిరుగుతున్నాడు. పుట్టపర్తిలో దొరకని జవాబు ఇదే.

ఇక హైకోర్టు సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మద్రాసు రాష్ట్రంలో ఉన్నన్నాళ్లూ హిందూపురం కక్షిదారు మద్రాసు వెళ్లాలి. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో పెట్టారు. 1956లో హైదరాబాదు వెళ్లింది. 2019 జనవరి 1 నుంచి అమరావతి. నాలుగు ఊళ్లు మారినా ఒక్కటీ దగ్గర కాలేదు. వంద కిలోమీటర్ల దూరంలో బెంగళూరు హైకోర్టు ఉంది. కానీ అది పక్క రాష్ట్రానిది! కూరగాయలు బెంగళూరు పోతాయి, పిల్లలు ఉద్యోగాలకు బెంగళూరు పోతారు, అప్పీలు మాత్రం అయిదొందల కిలోమీటర్లకు పైగా పోవాలి.

ఈ బాధ ముందే ఊహించారు పెద్దలు. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలని, కోరుకునే హక్కు రాయలసీమదని రాసుకున్నారు. సంతకాలు చేసినవాళ్లలో అనంతపురం జిల్లా నాయకులు కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు ఉన్నారు. 1953లో రాజధాని కర్నూలుకొచ్చింది, హైకోర్టు గుంటూరు వెళ్లింది. మూడేళ్లకు రెండూ హైదరాబాదు చేరాయి. కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. ఒడంబడిక నుంచి తీర్మానం దాకా ఎనభై ఏడేళ్లు. వాయిదా కేసులంటే ఇళ్లూ పొలాల కేసులే కాదు!

మడకశిర: చివరి మజిలీ

హిందూపురం నుంచి శిరా వెళ్లే దారిలో మడకశిర. మ్యాపులో చూస్తే కర్ణాటకలోకి చొచ్చుకుపోయిన ముక్క. బస్సు బోర్డులు రెండు లిపుల్లో, మాటలు రెండు భాషల్లో. బోన్లో నిలబడి కన్నడం కలిసిన తెలుగులో సాక్ష్యం చెబితే ఇక్కడెవరూ ఆశ్చర్యపోరు. కొండ మీద కోట, ఇంకాస్త పోతే రత్నగిరి కోట. అమరాపురం మండలంలోని హేమావతి వెయ్యేళ్ల కిందట నొళంబ రాజుల రాజధాని. నున్నటి నల్లరాతి స్తంభాలు, నందులు, కన్నడ శాసనాలు చూడ్డానికి చరిత్రకారులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దానమిచ్చిన భూమి హద్దులు ఇవీ, దీన్ని కాజేసినవాడికి ఈ పాపం తగులుతుంది అని రాయి మీద చెక్కించడం ఆనాటి రివాజు. ఇప్పటి దస్తావేజు ఆ రాతికి మనవరాలే. పాపభీతి తగ్గింది కాబట్టి స్టాంపు కాగితం వచ్చింది.

జిల్లా జడ్జి ఉండే అనంతపురానికి ఇక్కడి నుంచి వంద కిలోమీటర్లకు పైనే. అందుకే ఈ చివరి ఊళ్లో చిన్న కోర్టు కూడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. అది లేకపోతే మూడు వేల రూపాయల బాకీ కోసం, రెండు అడుగుల గట్టు కోసం ఎవరూ గడప దాటరు. గడప దాటనప్పుడు బలమున్నవాడిదే గట్టు.

'ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడట' అంటారు. ఆ ఏడుపులో సగం తీర్పు వల్ల కాదు, దూరం వల్ల, ఆలస్యం వల్ల. లోక్ అదాలత్‌లు వచ్చాక దానికి కాస్త మందు దొరికింది. రెండు పక్షాలూ ఒప్పుకుంటే ఒక్క పూటలో తేలిపోతుంది. కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. ఆ అవార్డే అంతిమం, అప్పీలుండదు. ప్రమాద పరిహారం కేసులు, చెక్కు కేసులు, చిన్న చిన్న కొట్లాటలు అలా తీరుతున్నవే. ఫోనులో వాయిదా తేదీ చూసుకునే వీలూ వచ్చింది. జడ్జిగారు సెలవని తెలియక యాభై కిలోమీటర్లు వచ్చి తిరిగిపోయే కష్టం కొంత తగ్గింది.

మడకశిరలో బండాపి వెనక్కి తిరిగి చూస్తే వచ్చిన దారంతా తీర్పుల దారే. చెట్టు కింద చెప్పినవి, సింహాసనం మీద నుంచి చెప్పినవి, బెంచీ మీద నుంచి చెప్పినవి. రాజధాని హంపి నుంచి పెనుకొండకొచ్చింది, జిల్లా బళ్లారి నుంచి అనంతపురానికి, అక్కడి నుంచి పుట్టపర్తికొచ్చింది. ఒక్కో అడుగూ జనం వైపే. కాగితాల సంచీతో బస్సెక్కే మనిషి ఎదురుచూస్తున్నది న్యాయం కూడా ఇంకో అడుగు ఇటు వేయాలనే.

వెళ్లాలంటే...

* ఎప్పుడు: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. వేసవిలో వెళ్తే ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత మాత్రమే బండి నడపడం మేలు.

* ఎలా: బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర జాతీయ రహదారి దిగి లేపాక్షి, హిందూపురం, మడకశిర ముందు చూసుకుని మిగతావి తర్వాత చుట్టొచ్చు.

* తినడానికి: పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం రాగి సంకటి, ఊరిబిండి. పండగ రోజైతే ఓళిగలు. దారిలో ఉడకబెట్టిన చెనిక్కాయలు.

* కోర్టు దగ్గర: బయటి నుంచి చూడ్డానికి అభ్యంతరముండదు. లోపల విచారణ జరుగుతుంటే ఫోను ఆపేసి నిశ్శబ్దంగా కూర్చోవాలి. ఫొటోలు తీయకూడదు.

* తెలుసుకోండి: ఉచిత న్యాయసహాయం కోసం 15100కు ఫోను చేయొచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సాయం దొరుకుతుంది. కేసుకు ఇచ్చే పదహారు అంకెలు, అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో తర్వాతి వాయిదా ఎప్పుడో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

* చివరగా: హెల్మెట్టు, లైసెన్సు, బీమా కాగితాలు మరవొద్దు. కోర్టు ఊళ్లు చూడ్డానికి బయల్దేరి కోర్టు వాయిదాతో తిరిగి రావడం బాగోదు కదా!